‘@1ని తీశారు’: ఆట మాడ్ అనువాదంలో విభక్తి ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న

లువాంటీ ఆటకు (2024 దాకా దీని పేరు మైన్‌టెస్ట్) అదనపు హంగులు చేర్చే ఒక మాడ్‌ను తెలుగు, తమిళం, కన్నడ, కొరియన్ భాషల్లోకి తెస్తున్నాం. వాక్యంలో @1 అన్నచోట ఆట నడిచేటప్పుడు వస్తువు పేరు వచ్చి కూర్చుంటుంది. ‘@1ని తీశారు’ అని రాస్తే కత్తికి సరిపోయింది: కత్తిని తీశారు. వజ్రం దగ్గరికొచ్చేసరికి ‘వజ్రంని’ అయింది. పోనీ ‘@1ను’ అంటే ‘కత్తిను’. రెండిట్లో ఏది ఉంచాలండి?

మొదటి జవాబు

రెండూ వద్దండి. ఎందుకో చూడండి.

ఇకారాంతాల మీద ను, కు అనేవి ని, కి అవుతాయని చిన్నయ సూరి బాలవ్యాకరణమే చెబుతుంది: కత్తిని, గొడ్డలికి. ఉకారాంతాల మీద రాతలో ను, కు వాడతాం, మాటలో చెట్టుని, ఆవుకి అనీ అంటాం. కాబట్టి ఒక్కటే పెట్టక తప్పదంటే ‘ని’ కాస్త నయం. కానీ అది గట్టెక్కించేది ఈ రెండు గుంపులనే. సున్నాతో ముగిసే మాటలకు పదమే మారుతుంది: వజ్రాన్ని, వజ్రానికి. ఔపవిభక్తికాలు (విభక్తికి ముందు ఇ, టి, తి లాంటివి చేర్చుకునే మాటలు) ఇంకా దూరం పోతాయి: ఇల్లు ఇంటిని అవుతుంది, నుయ్యి నూతిని అవుతుంది. బహువచనంలో ‘ళ్ళు’ కాస్తా ‘ళ్ళ’ అయ్యాకే ను చేరుతుంది: రాళ్ళను. @1లో వచ్చేది ఎప్పుడూ ప్రథమా విభక్తి రూపమే. దాని వెనక ఏ ప్రత్యయం అతికించినా ఈ మూడు గుంపుల్లో తప్పు పడుతుంది.

దారి కూడా వ్యాకరణంలోనే ఉంది. ప్రాణం లేని వస్తువు కర్మ అయినప్పుడు ద్వితీయ బదులు ప్రథమ వాడతాం, చిన్నయ సూరి ‘జడం’ అన్నది వీటినే. నీళ్ళు తాగాడు, పుస్తకం చదివింది, కట్టెలు కొట్టారు. వీటిలో ని ఎక్కడుంది? మీ వాక్యం ‘@1 తీశారు’ అని ఉంటే చాలు. కత్తి తీశారు, వజ్రం తీశారు, రాళ్ళు తీశారు, అన్నీ నిఖార్సైన తెలుగే. ‘ని’ తీసేయడం సర్దుబాటు కాదు, ఇంట్లో మాట్లాడుకునే పద్ధతే అది.

రెండో జవాబు

పైది వస్తువులకు. ప్రాణులకూ ఆటగాళ్ళకూ అది చెల్లదు, ‘ఆవు పట్టుకున్నారు’ అంటే వాక్యం కుదరదు. అక్కడ ప్రత్యయాన్ని మోయడానికి @1 పక్కన ఇంకో మాట పెట్టండి. ఆటగాళ్ళకు మనకు ‘గారు’ ఉంది. ‘@2 గారికి @1 ఇచ్చారు’ (@2లో ఆటగాడి పేరు వస్తుంది) అని రాస్తే పేరు ఏ అక్షరంతో ముగిసినా, ఏ లిపిలో ఉన్నా గొడవ లేదు, మార్పంతా ‘గారు’ మీదే జరుగుతుంది. గారిని, గారి దగ్గర, గారితో, ఏదైనా అంతే. జంతువులకు ‘అనే’ పనికొస్తుంది: ‘@1 అనే జంతువును మచ్చిక చేశారు’. కొంచెం పొడుగే, కానీ తప్పు లేదు. @1, @2 వరస మార్చుకోవచ్చు, @9 దాకా స్థానాలుంటాయి. మన వాక్యంలో క్రియ చివరికి వెళ్తుంది కాబట్టి ఈ వరస మార్పు రోజూ కావాలి.

క్రియతో ఇంకో చిక్కు. ‘@1 చనిపోయాడు’ అని రాస్తే ఆడేది అమ్మాయైనా ‘డు’ వస్తుంది. ఆటగాళ్ళ సందేశాలకు గౌరవ బహువచనం పెట్టండి: చనిపోయారు. అదే సందేశం కోడికీ ఆవుకూ వాడుతుంటే క్రియ మానేసి ‘@1: మరణం’ అనండి.

మూడో జవాబు

అరువు మాటల సంగతి ఎవరూ అనలేదు. వస్తువు పేరు ‘బ్లాక్’ అని పొల్లుతో ముగిసిందనుకోండి, వెనక ‘ను’ తగలగానే పొల్లు పోయి క్ను అని ఒత్తు పడుతుంది: ‘బ్లాక్ను’. కంప్యూటర్‌కు అది రెండు మాటల అతుకని తెలియదు. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని అక్షరం ఉంటే ‘బ్లాక్‌ను’ అని విడిగా నిలుస్తుంది. కానీ కొన్ని ఎడిటర్లు కాపీ చేసేటప్పుడు దాన్ని మింగేస్తాయి, కంటికి కనబడదు గనక పోయిన సంగతీ తెలియదు. అంతకన్నా పేరునే అజంతం (అచ్చుతో ముగిసేది) చేయడం మంచిది: బ్లాకు, బకెట్టు, టార్చి. మన పెద్దవాళ్ళు బస్సు, రైలు, బల్బు అన్నది ఈ పద్ధతిలోనే.

ఇంకా ముఖ్యమైనది, ‘@1 గొడ్డలి’ లాంటి అతుకుల పేర్లు ఒప్పుకోకండి. @1లో రాయి, ఇనుము, బంగారం వస్తే ‘రాయి గొడ్డలి’, ‘ఇనుము గొడ్డలి’ అవుతాయి. కావలసినవి రాతి గొడ్డలి, ఇనుప గొడ్డలి, బంగారు గొడ్డలి. ఒక్క చెక్కే మారకుండా నిలుస్తుంది. 5 పదార్థాలు, 4 పనిముట్లు ఉంటే 9 మాటలతో సరిపెట్టాలని కోడ్ రాసేవారికి అనిపిస్తుంది. 20 పేర్లూ విడివిడిగా ఇమ్మని అడగండి. అనువాదానికి అరగంట ఎక్కువ పడుతుంది, అంతే.

అడిగినవారు

‘@1 తీశారు’ చాలా హాయిగా ఉందండి. తమిళం, కన్నడం చేసేవారికీ ఇదే చెప్పొచ్చా? సర్వర్ కోడ్‌లోనే భాషను బట్టి ప్రత్యయం ఎంచుకునేలా చేయలేమా?

మొదటి జవాబు రాసినవారు

చెప్పొచ్చు. తమిళంలో మరమ్ అనేది మరత్తై అవుతుంది, కన్నడంలో మర అనేది మరవన్ను అవుతుంది, కానీ రెండిట్లోనూ జడ కర్మకు ప్రత్యయం వదిలేసే అలవాటు ఉంది. కొరియన్‌లో కర్మ ప్రత్యయం హల్లు తర్వాత ఉల్, అచ్చు తర్వాత రుల్. ముందు ఏం వస్తుందో తెలియదు గనక వాళ్ళు రెండూ రాసి ఒకదాన్ని కుండలీకరణాల్లో పెడతారు. అక్కడి ఆటల్లో అది మామూలే, చదివేవారి కళ్ళు అలవాటు పడ్డాయి. మనం ‘ని(ను)’ అని రాస్తే మాత్రం దరఖాస్తు ఫారంలా ఉంటుంది, వద్దు.

సర్వర్‌లో ఎంచుకోవడం గురించి: లువాంటీలో అనువాదం ఆడేవారి కంప్యూటర్‌లో జరుగుతుంది. సర్వర్ అందరికీ ఒకటే సందేశం పంపుతుంది, ఎవరి భాషలోకి వారి దగ్గరే మారుతుంది. అందుకే ప్రత్యయం బెడద కోడ్‌లో కాదు, వాక్యంలోనే తీర్చుకోవాలి.

రెండో జవాబు రాసినవారు

ఫైలు పని కూడా. లొకేల్ ఫోల్డర్‌లో భాషకొక ఫైలు, మొదటి వరసలో టెక్స్ట్‌డొమైన్ పేరు (ఈ అనువాదాలు ఏ మాడ్‌వో చెప్పే గుర్తు). ప్రతి వరసలో = గుర్తుకు ఎడమవైపు ఇంగ్లీషు వాక్యం కోడ్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఒక్క చుక్క తేడా వచ్చినా ఆ వరస పట్టదు, ఆటలో ఇంగ్లీషే కనిపిస్తుంది, తప్పెక్కడో వెతకడం మీ వంతు. వాక్యంలో నిజంగా = కావాలంటే @= అని రాయాలి.

అప్పజెప్పే ముందు ప్రతి @1 వాక్యంలో ఈ ఆరు మాటలూ పెట్టి పైకి చదవండి: కత్తి, చెట్టు, వజ్రం, ఇల్లు, రాళ్ళు, బ్లాక్. ఆరింటికీ నాలుక తడబడకపోతే ఆ వాక్యం ఫైల్లో వేసేయండి. ఒక్కచోట తడబడినా ప్రత్యయం ఎక్కడో అతుక్కుందన్నమాట.