111 జీవో మీద పరిశోధన: కీవర్డులు పెంచాలా, ఉత్తర్వుల వెంట పోవాలా?

గండిపేట_గట్టు:
హైదరాబాద్ జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ చుట్టూ నిర్మాణాల మీద 111 జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) పెట్టిన ఆంక్షల గురించి రాసేవాళ్లు గూగుల్‌లో "111 జీవో" అని కొట్టి, రెండు పేజీల వార్తలతో ఆపేస్తున్నారు. ఒకే మాటతో వెతికితే ఒకే పక్షం వాదన పైకొస్తుంది. ఆంక్షలు ఉండాలనేవాళ్లు "క్యాచ్‌మెంట్" (జలాశయంలోకి వాననీరు చేరే ప్రాంతం), "తాగునీరు" అని రాస్తారు. పోవాలనేవాళ్లు "84 గ్రామాలు" (ఆంక్షల కిందికొచ్చినవి), "రైతుల హక్కు" అంటారు. ప్లానింగ్ కాగితాల్లో అదే "కన్జర్వేషన్ జోన్". పక్షానికి నాలుగైదు మాటలు రాసుకుని విడివిడిగా వెతకాలని నా వాదన.

రికార్డ్‌రూం:
ఒప్పుకోనండీ. మాటలు పెంచితే ముందు పెరిగేది చెత్తే. జీవో నంబర్లు శాఖలవారీగా, ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి. శాఖ, తేదీ లేకుండా "111" కొడితే ఎక్కడెక్కడివో వస్తాయి. మనకు కావాల్సింది మున్సిపల్ శాఖ, 8-3-1996. దాని పైభాగంలోనే ముందరి ఉత్తర్వుల జాబితా ఉంటుంది, అక్కడినుంచి ఇదే విషయం మీద ముందొచ్చిన 1994 నాటి 192 జీవోకి వెళ్లొచ్చు. ఇటు 12-4-2022 నాటి 69 జీవో కూడా 111ని పేరు పెట్టే చెబుతుంది. ఈ గొలుసు పట్టుకుంటే ఊహించి వెతకాల్సిన పనేముంది?

గండిపేట_గట్టు:
ఆ గొలుసులో సర్కారు రాసుకున్నదే ఉంటుంది. గ్రామాల అభ్యంతరాలు అందులో ఎక్కడ? ఈ ఆంక్షల మీద సుప్రీంకోర్టు 1999, 2000 తీర్పులే చూడండి. కేసు పేరు కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు. ఆ పేరులో జీవో లేదు, చెరువు లేదు. "హిమాయత్‌సాగర్", "ముందుజాగ్రత్త సూత్రం" అని ఇంగ్లీషులో వెతికితే గానీ తగలదు.

చార్మినార్_చౌరస్తా:
ఇద్దరూ తెలుగు సంగతి మరిచిండ్రు. "పరీవాహక" అని ఒకరు రాస్తే, "పరివాహక" అని ఇంకొకరు రాస్తరు, రెండూ కొట్టాలె. "ఎఫ్‌టీఎల్" (చెరువు నిండు నీటిమట్టం) అనే మాట నడుమ కనిపించని అక్షరం ఒకటుంటది, పొల్లు విడిగా కనిపించేందుకు పెట్టేది. అది ఉన్నదొకటి, లేనిదొకటి, కొన్ని సైట్లకు రెండూ వేరు మాటలే. పాత పత్రికల పీడీఎఫ్‌లు అను ఫాంట్లల్ల (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉంటే యూనికోడ్‌ల ఏం కొట్టినా సున్నానే. వాటికి తేదీ పట్టుకుని పేజీలు తిప్పుడే.

ఇంకోటి, "తెలంగాణ ప్రభుత్వం" అని కలిపి కొడితే 2014 జూన్‌కు ముందరివి చాలా జారిపోతయ్. అప్పటికి "ఆంధ్రప్రదేశ్" పెట్టాలె.

రికార్డ్‌రూం:
ఈ మాట నిజమే అన్నా. అయినా అసలు ఉత్తర్వు చదవకుండా కీవర్డును నమ్మితే ఏమవుతుందో "రద్దు" అనే మాటే చూపిస్తుంది. 2022 ఏప్రిల్ వార్తల్లోనూ రద్దే, 2023 మే మంత్రివర్గ నిర్ణయం వార్తల్లోనూ రద్దే. ఒకసారి రద్దయింది మళ్లీ ఎలా రద్దవుతుంది? 69 జీవో 111లోని ఆంక్షలను ఎత్తేసి, మార్గదర్శకాల కోసం ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేసింది. పైగా మంత్రివర్గ నిర్ణయం వేరు, జీవో వేరు.

గండిపేట_గట్టు:
అందుకే "రద్దు"తో పాటు "ఎత్తివేత", "సడలింపు" కూడా వెతకమనేది. కొటేషన్లలో పెట్టి, నడుమ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఓఆర్ (OR) వేస్తే ఒక్కసారే అయిపోతుంది. మైనస్ గుర్తు మాత్రం జాగ్రత్త. ప్లాట్ల ప్రకటనలు పోవాలని "రియల్ ఎస్టేట్" తీసేస్తే, రైతుల వాదన ఉన్న వార్తలూ పోతాయి.

చార్మినార్_చౌరస్తా:
ఎక్కడ ఆపాలె మరి?

గండిపేట_గట్టు:
దొరికిన ప్రతి కాగితంలోంచి కొత్త మాట ఏరి జాబితాలో వేయండి. వరుసగా రెండు విడతలు కొత్త కాగితం రాకపోతే ఆపొచ్చు.

రికార్డ్‌రూం:
నా లెక్కలో 192 చదివేదాకా ఆగకూడదు.