కాస్టిక్ లై ఫ్లాంజ్ విప్పాలి, గేజ్ సున్నా ఉంటే చాలా?

కోరాపుట్ ఫిట్టర్: అన్నా, 48 శాతం కాస్టిక్ లై (నీళ్ళలో కరిగించిన కాస్టిక్ సోడా) పంపు డిశ్చార్జి ఫ్లాంజ్‌కి, అంటే బయటికెళ్ళే పైపుని బోల్టులతో బిగించే అతుకుకి, గాస్కెట్ మార్చాలి. పంపు ఆపి వాల్వు మూశారు, ఒత్తిడి గేజ్ సున్నా. తోలు గ్లవ్స్, మామూలు కళ్ళజోడు ఇచ్చారు. ఇవి సరిపోతాయా? ఒంటి మీద పడితే వెనిగర్ రాయమంటున్నారు, నిజమేనా?

రాయగడ మెకానికల్: గేజ్‌ని నమ్మొద్దు తమ్ముడూ, అందులోనూ చలికాలంలో. 50 శాతం లై 12 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, 48 శాతం దానికి కొద్దిగా కింద. మీ కొండల్లో రాత్రి ఆ చలి ఉంటుంది. గేజ్‌కి వెళ్ళే సన్న పైపు ముందు పూడుతుంది, లోపల ఒత్తిడి ఉన్నా ముల్లు కదలదు. డ్రెయిన్ తెరిస్తే ఏమీ కారలేదా? ఖాళీ అయిందనుకోకు, అదీ పూడి ఉండొచ్చు.

రెండు వైపులా వాల్వులకు తాళం వేసి, తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. లైన్‌ని నీళ్ళు ధారాళంగా వదిలి కడగాలి. కొంచెమే పోస్తే లై వేడెక్కి చిమ్ముతుంది. ఫ్లాంజ్‌కి పక్కన నిలబడి, నీకు అవతలి వైపు బోల్టులు ముందు వదులు చెయ్యి. నట్లు ఊడదీయకు. కారడం పూర్తిగా ఆగాకే మిగతావి.

తోలు గ్లవ్స్ వద్దే వద్దు. లై తోలులో ఇంకిపోతే కడిగినా పోదు, చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. మోచేతి దాకా ఉండే నియోప్రీన్ లేదా పీవీసీ గ్లవ్స్, పీవీసీ సూటు, గాగుల్స్, వాటి పైన ఫేస్ షీల్డు కావాలి. షీల్డు ఒక్కటే పెడితే గడ్డం కింద నుంచి కంట్లోకి చిమ్ముతుంది. ప్యాంటు గమ్‌బూట్ల బయటికి ఉండాలి. చేతులు పైకెత్తే పనైతే గ్లవ్ అంచు బయటికి మడు, లేకపోతే కారింది నేరుగా చంకలోకే. అల్యూమినియం నిచ్చెన తేవొద్దు, లై దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది.

చంద్రపూర్ సేఫ్టీ: వెనిగర్ మాట మరచిపోండి. రెండూ కలిస్తే వేడి పుడుతుంది, ఈలోపు సమయం పోతుంది. నీళ్ళే మందు. లై పడ్డ చోట మొదట సబ్బులా జారుతుంది, మంట ఆలస్యంగా వస్తుంది. ఆ జారుడు మన కొవ్వు సబ్బుగా మారడమే. నొప్పి లేదని ఆగొద్దు. ఎమర్జెన్సీ షవర్ కిందే బట్టలు విప్పాలి, టీషర్టు తల మీదుగా తీయకుండా కత్తిరించాలి. కంట్లో పడితే రెప్పలు విడదీసి పట్టుకుని కనీసం 30 నిమిషాలు కడుగుతూ ఉండాలి, ఆ తర్వాత ఆసుపత్రికి.

షవర్ నిమిషానికి 75 లీటర్ల చొప్పున 15 నిమిషాలు ఇవ్వాలి, అంటే 1,125 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ము మూడు నిమిషాలైనా రాదు.

కోరాపుట్ ఫిట్టర్: షవర్ ఒక అంతస్తు కింద ఉందన్నా.

చంద్రపూర్ సేఫ్టీ: అయితే పని మొదలుపెట్టకండి. 10 సెకన్లలో చేరగలగాలి, కళ్ళు కనబడనివాడు మెట్లు దిగలేడు. ఫ్లాంజ్ పక్కకే నీళ్ళ హోస్ లాగించండి, వాల్వు తెరిచి ధార చూడండి, దాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టమని పని అనుమతి పత్రం (పర్మిట్)లో రాయించండి.