కుర్చీ కిందికి జారుతోంది: బాగు చేయించాలా, మార్చాలా?

ప్రశ్న (టైల్స్‌నేల)
ఇంట్లో ఆఫీసు పనికి వాడే కుర్చీ, కొని ఆరేళ్లు. లివర్ ఎత్తి పైకి లేపుకుంటే పావుగంటలో మళ్లీ అడుక్కి దిగిపోతోంది. వెనక్కి వాలితే కింద కిర్రుమంటోంది. సీటు స్పాంజి కూడా అణిగిపోయింది. షాపులో అడిగితే "హైడ్రాలిక్ పోయింది, కొత్తది తీసుకోండి" అన్నారు. పార్టులు మారిస్తే పనికొస్తుందా? నా బరువు 84 కిలోలు.

జవాబు (పైప్‌రెంచ్)
వయసు చూడకండి, ఏ భాగం పోయిందో చూడండి. దిగిపోవడానికి కారణం గ్యాస్ లిఫ్ట్, అంటే సీటు కింద ఎత్తు మార్చే సిలిండర్. అందరం హైడ్రాలిక్ అంటాం గానీ లోపల మోసేది నూనె కాదు, ఒత్తిడితో నింపిన నైట్రోజన్. సీలు అరిగితే కూర్చున్న ఎత్తున నిలవదు. మళ్లీ గ్యాస్ నింపించడం కుదరదు, మొత్తం సిలిండరే మార్చాలి.

కొనేముందు కొలవండి: కింది గొట్టం వ్యాసం ఎక్కువగా 50 మి.మీ., మెకానిజంలో (సీటు కింద లివర్ ఉండే ఇనుప భాగం) దూరే పై గొట్టం 28 మి.మీ. పూర్తిగా లేపినప్పుడు ఎంత ఎత్తో, పూర్తిగా దించినప్పుడు ఎంత ఎత్తో కూడా రాసుకోండి. అవి సరిపోకపోతే కాళ్లు నేలకు అందవు. క్లాస్ 4 (గొట్టం మందంగా ఉండే గట్టి రకం) అయితే మేలు.

కుర్చీని బోర్లించి, స్టార్ బేస్ (చక్రాలు ఉండే కాళ్ల భాగం) మధ్య భాగం చుట్టూ రబ్బరు సుత్తితో కొడితే బేస్ ఊడొస్తుంది. సిలిండర్ మెకానిజంలోకి దూరేచోట డబ్ల్యూడీ-40 కొట్టి, పావుగంట ఆగి, పైప్ రెంచ్‌తో పట్టి మెలితిప్పండి. కొత్తదానికి స్క్రూలు ఉండవు, దూర్చి కూర్చుంటే బరువుకే బిగుస్తుంది. ఆ చోట గ్రీజు మాత్రం రాయొద్దు, పట్టు జారుతుంది. పాత సిలిండర్‌ను కోయడం, డ్రిల్ చేయడం, మంటలో వేయడం చేయకండి. పేలుతుంది.

గొట్టానికి హోస్ క్లిప్ బిగించి ఆపే చిట్కా నాలుగు రోజులకు పర్లేదు. అంతవరకే. ఎత్తు మార్చుకునే వీలు పోతుంది.

జవాబు (నట్టుబోల్టు)
సిలిండర్ ఆర్డర్ పెట్టేముందు ఆ కిర్రు సంగతి తేల్చుకోండి. సీటు కింద మెకానిజం ప్లేటు నాలుగు బోల్టులు అలెన్ కీతో బిగించి చూడండి. చాలాసార్లు శబ్దం అక్కడే ఆగుతుంది. ఆగకపోతే ప్లేటు వెల్డింగు అతుకుల దగ్గర, బేస్ కాళ్లు మధ్యలో కలిసే మూలల్లో టార్చి వేసి చూడండి. నల్ల నైలాన్ మీద తెల్లటి గీతలు కనిపిస్తే బేస్ విరగబోతోందని అర్థం, ఇక దానిమీద కూర్చోవద్దు. బేస్, మెకానిజం విడిగా దొరుకుతాయి. మెకానిజానికి నాలుగు రంధ్రాల మధ్య దూరం, నిలువుగా, అడ్డంగా, కొలిచి చెప్పాలి.

వీపు ఫ్రేము చీలితే మాత్రం కుర్చీ మార్చేయాల్సిందే. ఎంసీల్ పెట్టి నెట్టుకొస్తే వాలినప్పుడు వెనక్కి పడతారు.

టైల్స్‌నేల
చూశానండి. పగుళ్లు లేవు. ఒక బోల్టు ఎంత తిప్పినా బిగియడం లేదు, ఊరికే తిరుగుతోంది.

జవాబు (నట్టుబోల్టు)
ప్లైవుడ్‌లో దిగిన టీ-నట్ (చెక్కలోకి పళ్లు దిగి పట్టుకునే నట్) ఊడి, బోల్టుతోపాటే తిరుగుతోంది. సీటు విప్పి, అడుగున గుడ్డ పిన్నులు పీకి, స్పాంజి ఎత్తితే నట్ కనిపిస్తుంది. దాని పళ్లు దిగేచోట చెక్క బాగుంటే ఎపాక్సీ రాసి, కాస్త పక్కకు తిప్పి కొత్త నట్ కొట్టండి. చెక్క పొరలు విడిపోతే సీటు ప్లైవుడ్డే మార్చాలి.

ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి స్పాంజి సంగతీ చూసేయండి. పిడికిలితో గట్టిగా నొక్కితే చెక్క తగులుతోందంటే దాని పని అయిపోయినట్టే. 50 మి.మీ. మందం, కనీసం 40 డెన్సిటీ (ఘనపు మీటరుకు కిలోలు) అడగండి. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. షాపువాళ్లు గట్టిగా ఉన్నదే మంచిదన్నట్టు అంటగడతారు. మెష్ సీటైతే ఈ వీలు లేదు, సాగిన వల మళ్లీ బిగియదు.

జవాబు (మోకాలిచిప్ప)
ఇదంతా చేసే ముందు ఒక్క పరీక్ష. వీపు ఆనించి కూర్చుంటే సీటు అంచుకీ మోకాలి వెనక్కీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పట్టకపోతే, ఆ సీటు ముందూ వెనక్కీ జరిగే రకం కూడా కాకపోతే, ఏ పార్టు మార్చినా ఆ కుర్చీ మీకు నప్పదు. అప్పుడు కొత్తదే కొనండి.

సరిపోతే మాత్రం చక్రాలూ చూసుకోండి. టైల్స్‌కి గట్టి నైలాన్‌వి వద్దు, మెత్తటి పీయూవి (పాలీయురేథేన్) వేయండి. పిన్ను చాలావాటికి 11 మి.మీ., కొన్నిటికి 10. పదిది పదకొండు రంధ్రంలో పెడితే కుర్చీ ఎత్తినప్పుడల్లా ఊడి పడుతుంది.