బేగంపేట వైపు ఎటు చూసినా టు-లెట్ బోర్డులే, అద్దె మాత్రం రూపాయి తగ్గట్లేదు. ఎందుకు?

వేణు:
పొద్దున్నుంచి ఫోన్లు చేసీ చేసీ బుర్ర వేడెక్కిపోయింది. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

బేగంపేట, సోమాజిగూడ, పంజాగుట్ట ఈ చుట్టుపక్కల మాకు ఆఫీస్ కావాలి. రోడ్డు మీద వెళ్తుంటే ఎటు చూసినా టు-లెట్ బోర్డులే. కొన్ని బోర్డులు ఎండకు వెలిసిపోయి ఫోన్ నంబర్ కూడా కనబడట్లేదు, ఎంతకాలం నుంచి ఖాళీగా ఉన్నాయో మరి. కానీ ఫోన్ చేస్తే ఏ ఓనరూ దిగి రావట్లేదు. సోమాజిగూడలో ఒక ఫ్లోర్ మాకు బాగా నచ్చింది. 2,400 చదరపు అడుగులు, అడుగుకి నెలకు 62 రూపాయలు అంటున్నాడు. 50కి అడిగాను. "ఖాళీగానైనా ఉంచుకుంటాను కానీ 62కి తగ్గేది లేదు" అన్నాడు. ఖాళీగా ఉంచితే ఆయనకేం వస్తుంది? అసలు సెంటర్‌లో మార్కెట్ పడిపోయిందా లేదా? ఎంతకి అడగాలి? రేపు సాయంత్రంలోగా టోకెన్ ఇవ్వమంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

భాస్కర్:
ఏం వ్యాపారం? ఎంతమంది స్టాఫ్? 2,400 కార్పెట్టా (గోడల మధ్య వాడుకునే చోటు), సూపర్ బిల్టప్పా (లాబీ, మెట్లు లాంటివి కూడా కలిపిన లెక్క)? ఇవి చెప్పకుండా రేటు ఎవరూ చెప్పలేరు.

వేణు:
2,400 అంటే 2,400 అండీ, బ్రోకర్ చెప్పింది అదే. వ్యాపారం ఏదైతే ఏముంది, ఆఫీసే కదా. నేనడిగింది అద్దె ఎందుకు తగ్గట్లేదని.

ఇంతియాజ్:
వేణు భాయ్, నేను ఇదే ఏరియాలో బ్రోకరేజ్ చేస్తాను. మీరు అడిగింది మంచి ప్రశ్న, చాలామందికి అర్థం కాని సంగతి.

బేగంపేట, సోమాజిగూడ బిల్డింగులు ఎక్కువ భాగం ఒక్కరివి కావు. బిల్డర్ కట్టి ఫ్లోర్లుగా, ముక్కలుగా అమ్మేశాడు. ఒక ఫ్లోర్ డాక్టర్ గారిది, ఇంకోటి అమెరికాలో ఉన్నవాళ్లది, మరోటి నలుగురు అన్నదమ్ములది. వీళ్లకు దాని మీద అప్పు లేదు, ఎప్పుడో తీరిపోయింది. నెలనెలా కిస్తీ కట్టే బాధ ఉంటేనే కదా తొందరపడేది. పైగా మీకు 50కి ఇస్తే మర్నాడే పై ఫ్లోర్‌లో ఉన్న పాత అద్దెదారు వచ్చి మాకూ తగ్గించమంటాడని భయం.

అప్పున్నవాళ్లు మరో రకం. అద్దె అగ్రిమెంట్ చూపించి, వచ్చే అద్దె మీద బ్యాంకులో లోన్ తీసుకుంటారు. కాగితం మీద అద్దె తగ్గితే లోనూ తగ్గుతుంది, ఆస్తి విలువా తగ్గుతుంది. అందుకని రేటు కదపరు. ఇచ్చేదంతా పక్కనుంచి ఇస్తారు. మూడు నెలలు అద్దె లేకుండా, అడ్వాన్స్ ఆరు నెలలకు బదులు నాలుగు, ఇంకో రెండు కార్ పార్కింగులు, పాత ఏసీలు మార్పించడం, ఇలాగ. 50 అని అడిగితే మాట అక్కడే ఆగిపోతుంది. 62కి సరే అని, ఫ్రీ నెలలు అడగండి. మూడేళ్లలో మూడు నెలలు ఫ్రీ అంటే మీకు సగటున 57 లోపే పడుతుంది.

సత్యనారాయణ మూర్తి:
వేణు గారూ, మీరు దీన్ని సెంటర్ అంటున్నారు కానీ మా రోజుల్లో సెంటర్ అంటే అబిడ్స్, కోఠి, బషీర్‌బాగ్. బ్యాంకులు, బీమా కంపెనీలు, పత్రికాఫీసులు అన్నీ అటే ఉండేవి. తర్వాత బేగంపేటకి ఊపొచ్చింది విమానాశ్రయం వల్లే. బొంబాయి నుంచో ఢిల్లీ నుంచో పొద్దున దిగిన మేనేజరు పది నిమిషాల్లో ఆఫీసులో ఉండేవాడు, సాయంత్రం మళ్లీ విమానం ఎక్కేవాడు. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక కొత్త కంపెనీల చూపు మాదాపూర్ వైపు తిరిగింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు మారిపోవడంతో బేగంపేటకున్న ఆ సౌకర్యం పోయింది. పైగా బేగంపేట విమానాశ్రయంలో ప్రముఖుల విమానాలు, శిక్షణ విమానాలు ఇప్పటికీ దిగుతాయి కాబట్టి చుట్టూ ఎత్తు ఆంక్షలు అలాగే ఉన్నాయి. పాత బిల్డింగ్ కూల్చి ముప్పై అంతస్తులు లేపుదామంటే కుదరదు. బేగంపేటలోని పాయిగా ప్యాలెస్‌లో ఉన్న అమెరికా కాన్సులేట్ కూడా 2023లో నానక్‌రామ్‌గూడకు వెళ్లిపోయింది. కాబట్టి ఖాళీలు నిన్నో మొన్నో వచ్చినవి కావు.

ఇంతియాజ్:
మూర్తి గారూ, అదంతా నిజమే కానీ బేగంపేట పని అయిపోయిందంటే మాత్రం ఒప్పుకోను. పెద్ద కంపెనీకి ఒక్కో ఫ్లోర్ యాభై వేల అడుగులు కావాలి, అది ఇక్కడ లేదు, అంతే. ఆడిటర్లకు, లాయర్లకు, ఆర్కిటెక్టులకు, బ్యాంకు రీజినల్ ఆఫీసులకు ఇప్పటికీ ఇదే సెంటర్. మెట్రో వచ్చాక ఉప్పల్, దిల్‌సుఖ్‌నగర్ స్టాఫ్ ఉన్నవాళ్లు ఇటే అడుగుతున్నారు. అద్దె పడిపోకపోవడానికి అదీ ఒక కారణం. మంచి మెయింటెనెన్స్ ఉన్న బిల్డింగ్‌లో ఫ్లోర్ ఖాళీ అయితే ఎక్కువ రోజులు ఆగదు. వేణు భాయ్ చూసిన వెలిసిపోయిన బోర్డులు వేరే రకం బిల్డింగులవి. లిఫ్ట్ ఒక్కటే పనిచేస్తుంది, జనరేటర్ కారిడార్ లైట్లకే సరిపోతుంది, సెల్లార్‌లో పార్కింగ్ ఉండాల్సిన చోట గోడౌన్ పెట్టేశారు. అవన్నీ ఖాళీ లెక్కలోకే వస్తాయి కానీ ఎవరికి పనికొస్తాయి?

శ్రీధర్ రావు:
అద్దె గురించి ఇంతమంది మాట్లాడారు, మంటల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పిల్లలు పోయారు. ఇరవై ఏళ్లు దాటీ దాటని వాళ్లు, అక్కడి ఆఫీసులో పనిచేసుకునేవాళ్లు. పొగకు ఊపిరాడక పోయారు. అదీ ఇలాంటి పాత కమర్షియల్ కాంప్లెక్సే.

15 మీటర్లు, ఆపైన ఎత్తున్న కమర్షియల్ బిల్డింగ్‌కి అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉండాలి. ఉందా అని అడగండి. కాగితం ఒక్కటి చూసి ఊరుకోకండి, రెండో మెట్లదారి దాకా మీ కాళ్లతో నడిచి వెళ్లండి. చాలాచోట్ల ఆ తలుపుకి తాళం ఉంటుంది, లేకపోతే మెట్ల నిండా పాత కుర్చీలు, ఫైళ్ల అట్టపెట్టెలు. కరెంట్ ప్యానెల్ గది తెరిపించి చూడండి. ఒక్కో ఫ్లోర్ వాళ్లు ఏసీలు పెంచుకుంటూ పోతారు, వైర్లు మాత్రం కట్టిన రోజువే. అద్దె రెండు రూపాయలు తగ్గిందా పెరిగిందా అన్నది నాకు తర్వాతి మాట.

భాస్కర్:
రావు గారు చెప్పింది ముఖ్యమే. కానీ ఇక్కడి ప్రశ్న అద్దె గురించి. వేణు గారూ, నా మూడు ప్రశ్నలకు ఇంకా జవాబు రాలేదు.

వేణు:
సరేనండీ. మాది మెడికల్ బిల్లింగ్, అమెరికా క్లయింట్లు. 32 మంది. షిఫ్ట్ సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర. స్టాఫ్ ఎక్కువమంది నాగోల్, ఉప్పల్ నుంచి వస్తారు, అందుకే మెట్రో దగ్గర చూస్తున్నాం.

భాస్కర్:
నైట్ షిఫ్ట్ అన్నమాట ముందు చెప్పాల్సింది. అంతా మారిపోతుంది.

ఇంతియాజ్:
అరే భాయ్, అదే అసలు పాయింట్. ఆ బిల్డింగ్‌లో సెంట్రల్ ఏసీ ఉందా? ఉంటే ఏ టైమ్ వరకు నడుపుతారు? మామూలుగా రాత్రి ఎనిమిదికి ఆపేస్తారు. ఆ తర్వాత కావాలంటే గంటకింత అని విడిగా తీసుకుంటారు. మీరు పనిచేసేదే ఆ తర్వాత కదా! రాత్రి లిఫ్ట్, సెక్యూరిటీ, మెయిన్ గేటు ఎవరు చూస్తారు? జనరేటర్ మీ ఫ్లోర్ మొత్తానికి ఇస్తుందా? ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి, నోటిమాట పనికిరాదు. మెట్రో స్టాఫ్ రావడానికి ఉపయోగపడుతుంది కానీ తెల్లవారుజామున మూడున్నరకు మెట్రో ఉండదు. దింపడానికి క్యాబులు తప్పవు. ఆ ఖర్చు వేసుకున్నాక సోమాజిగూడ కంటే ఉప్పల్ వైపే చవక పడుతుందేమో ఒకసారి లెక్క కట్టండి.

రమాదేవి:
నేను సీఏ ప్రాక్టీస్ చేస్తున్నాను. క్లయింట్లు అమెరికాలో ఉన్నారన్నారు కాబట్టి చెప్తున్నాను. అద్దె మీద జీఎస్టీ 18 శాతం. 2,400 ఇంటూ 62 అంటే నెలకు 1,48,800, దాని మీద జీఎస్టీ 26,784. మీది ఎగుమతి సేవ కిందికి వస్తే ఆ పన్నుకు రీఫండ్ అడగొచ్చు. కానీ డబ్బు చేతికొచ్చేదాకా మీ జేబులోంచే పెట్టాలి, అది చూసుకోండి. ఓనర్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి పన్ను లేదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 2024 అక్టోబర్ 10 నుంచి అలా కాదు. ఓనర్‌కు లేకపోయినా, అద్దెదారు రిజిస్టర్ అయి ఉంటే అద్దెదారే కట్టాలి. ఇక అద్దె నెలకు 50,000 దాటింది కాబట్టి 10 శాతం టీడీఎస్ (ఓనర్‌కు ఇచ్చే అద్దెలోంచి ముందే కోసే ఆదాయపన్ను) పట్టి కట్టాలి, అదీ జీఎస్టీ కలపని అద్దె మీద.

మూడేళ్ల లీజు అయితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పదకొండు నెలల కాగితం రాసుకుని అందులో మూడేళ్ల లాకిన్ (అప్పటిదాకా ఖాళీ చేయకూడదనే షరతు) అని పెడితే రేపు గొడవ వచ్చినప్పుడు నిలబడటం కష్టం.

కిశోర్:
లాకిన్ మూడేళ్లంటే మూడేళ్లు ఉండాల్సిందేనా మేడమ్? మా అగ్రిమెంట్‌లో మూడు నెలల నోటీసు ఇచ్చి వెళ్లొచ్చని ఉంది.

భాస్కర్:
నోటీసు వేరు, లాకిన్ వేరు. లాకిన్ అయ్యాకే నోటీసు పనికొస్తుంది. మధ్యలో వెళ్తే మిగతా లాకిన్ అద్దె అడుగుతారు.

ఇంతియాజ్:
అందరూ అలా రాయరు భాస్కర్ భాయ్. ఇక్కడ చిన్న ఫ్లోర్లకు ఏడాది, ఏడాదిన్నర లాకిన్‌కి కూడా ఒప్పుకుంటారు. ఖాళీలు ఎక్కువున్నప్పుడు అద్దెదారు పట్టుబట్టాల్సింది అక్కడే.

వేణు:
ఈరోజు మా అడ్మిన్ అబ్బాయిని తీసుకెళ్లి టేపు పెట్టి కొలిపించాను. గోడ నుంచి గోడకు 1,540 అడుగులే వచ్చింది. లిఫ్ట్ లాబీ, మెట్లు, కామన్ టాయిలెట్లు, డక్టులు అన్నీ మా 2,400లో కలిపేశారు. మధ్యలో రెండు పెద్ద పిల్లర్లు, వాటి పక్కన బల్లలు పట్టవు. అడిగితే "ఇది చార్జబుల్ ఏరియా, అందరూ ఇలాగే ఇస్తారు" అంటున్నాడు.

భాస్కర్:
1,48,800ని 1,540తో భాగించండి. అడుగుకి దాదాపు 97. మీ రేటు అదీ.

కిశోర్:
చార్జబుల్ ఏరియా, సూపర్ బిల్టప్ ఒకటేనా?

ఇంతియాజ్:
చాలావరకు ఒకటే. కాకపోతే కొందరు పార్కింగ్ ర్యాంపు, టెర్రస్ కూడా కలిపి చార్జబుల్ అంటారు. పేరు ఏదైనా మీరు పోల్చాల్సింది సీటుకి నెలకు ఎంత అని. అద్దె, మెయింటెనెన్స్, రాత్రి ఏసీ, జనరేటర్ డీజిల్ అన్నీ కలిపి 32తో భాగించండి. మాదాపూర్ వైపు రెడీ ఆఫీసులు సీటు లెక్కనే ఇస్తున్నారు, దాంతో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. అడుగు రేటు మీద బేరమాడితే ఓనర్‌దే పైచేయి.

రమాదేవి:
ఇంకో సంగతి. ఫ్రీ నెలలు తీసుకుంటే సగటు 57 పడుతుంది, నిజమే. కానీ మూడేళ్లయ్యాక 15 శాతం పెంపు 62 మీద వేస్తారు, అంటే 71 దాటుతుంది. మొదటే 57కి రాయించుకుంటే 65.55 అవుతుంది. ఆరేళ్లు ఉండేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. మూడేళ్లలో మారిపోతామనుకుంటే ఇంతియాజ్ గారు చెప్పిందే మేలు.

శ్రీధర్ రావు:
రెండో మెట్లదారి చూశారా? అది రాయలేదు. రాత్రి మూడింటికి 32 మంది ఉండే చోటు అది.

వేణు:
చూశాను సార్. గొళ్లెం బయటనుంచి వేసి ఉంది, వాచ్‌మన్ దగ్గర తాళం లేదు. టోకెన్ ఇవ్వలేదు. నాగోల్ వైపు ఇంకోటి చూడటానికి వెళ్తున్నాం. అందరికీ థాంక్స్.

పద్మజ:
రమాదేవి గారూ, నారాయణగూడలో మాకు చిన్న స్టేషనరీ షాపు, జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నాం. ఓనర్‌కు జీఎస్టీ లేదు. మేమూ 18 శాతం కట్టాలా?

రమాదేవి:
అవసరం లేదమ్మా. 2025 జనవరిలో కాంపోజిషన్ వాళ్లను అందులోంచి తీసేశారు.