అప్‌డేట్: సుడిదోమను తట్టుకునే వరి వేశాను

పోయిన కారులో మా ఏర్పేడు పొలంలో సాంబ మసూరి, మొదళ్ల దగ్గర రసం పీల్చే సుడిదోమ వల్ల గుండ్రంగా ఎండిపోతే, తట్టుకునే రకం ఉందా అని అడిగాను. మీలో చాలామంది విజేత, అంటే ఎంటీయూ 1001 వేయమన్నారు. అదే వేశాను.

దుబ్బులు విడదీసి చూస్తే నీళ్లకు కాస్త పైన, మొదళ్ల దగ్గర దోమ ఉంది. మొదట టెన్షన్ పడ్డాను. కానీ సుడి పడలేదు, అంటే పైరు గుండ్రంగా ఎండిపోలేదు. గట్టు అవతల సాంబ మసూరిలో మాత్రం పడింది, చూస్తే కడుపు తరుక్కుపోయింది. తట్టుకునే రకమంటే దోమ రాదని కాదు, వచ్చినా రసం సరిగా పీల్చలేదు, పిల్లలూ తక్కువే.

అలాగని ధీమా వద్దు. 1973లో వచ్చిన ఐఆర్ 26 అనే వరి రకంలో బీపీహెచ్ 1 అనే ఒక్క జన్యువే అండ. కొన్నేళ్లకే దోమ దానికి అలవాటు పడిపోయింది. అందుకే శాస్త్రవేత్తలు కేరళ పీటీబీ 33, శ్రీలంక రాతు హీనటి లాంటి రకాల్లోని జన్యువుల వెంట పడ్డారు. నేనూ రకాన్నే నమ్ముకోకుండా రెండు మీటర్లకొక కాలిబాట వదిలాను, యూరియా తగ్గించాను.

ఇంట్లో తిండికి మాత్రం సన్నబియ్యమే కావాలంటున్నారు. దోమను తట్టుకునే సన్న రకం మన వైపు ఎవరైనా వేసి ఉంటే చెప్పండి.