అప్‌డేట్: లివింగ్‌స్టోనియాకు ఆ పేరెలా వచ్చిందో తెలిసింది

ఆఫ్రికా దేశం మలావీలో కొండమీద ఉన్న లివింగ్‌స్టోనియా అనే ఊరికి, స్కాట్లండ్ మిషనరీ, అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ ఎప్పుడు వచ్చాడని మొన్న అడిగాను కదా. అసలు నా ప్రశ్నే తప్పు. ఆయన ఆ కొండమీదికి రానేలేదు!

1859లో ఆయన మలావీ సరస్సు దాకా వచ్చిన మాట నిజమే. 1873లో ఇప్పటి జాంబియాలో కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకంగా ఒక మిషన్ (క్రైస్తవ మతప్రచార కేంద్రం) పెట్టాలని స్కాట్లండ్ ఫ్రీ చర్చి వాళ్లు అనుకుని, 1875లో సరస్సు దక్షిణ తీరాన కేప్ మెక్లియర్‌లో మొదలుపెట్టారు. లివింగ్‌స్టోనియా అనే పేరు ముందు ఆ మిషన్‌ది, ఊరిది కాదు. నాకు చిక్కు విడిపోయింది ఇక్కడే.

అక్కడ మలేరియా వాళ్లను బతకనివ్వలేదు. 1881లో అదే సరస్సు ఒడ్డున ఉన్న బండావేకి మారారు, అక్కడా అదే జ్వరం. చివరికి 1894లో మిషన్ పెద్ద డాక్టర్ రాబర్ట్ లాస్ ఉత్తరాన ఖోండోవే అనే ఎత్తైన చోటు ఎంచుకున్నాడు. మనుషులతో పాటు పేరూ కొండెక్కింది. అంటే ఈ పేరు వెనక దోమ పాత్ర కూడా ఉందన్నమాట. ఖోండోవే అన్న పాత పేరు మరుగున పడటం మాత్రం నాకు బాధనిపించింది. ఆ నేలకు ముందు నుంచీ ఉన్న పేరు అదే కదా.

అక్కడి చర్చిలో రంగుటద్దాల కిటికీ ఒకటి ఉంది. అందులో లివింగ్‌స్టన్, పక్కన ఆయన మందుల పెట్టె, వెనక సరస్సు. బతికుండగా ఎక్కని కొండమీద ఆయన ఇప్పుడు ఆ అద్దంలో నిలబడి ఉన్నాడు.

ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.