ఎడ్యుకేషన్ అడ్వైజర్లకు ఒక ప్రశ్న: ఈ శరత్తులో మీకు ఇష్టమైనవి ఏమిటి?

కొత్త_బల్ల:

అందరికీ నమస్కారం. విద్యార్థులకు కాలేజీ అప్లికేషన్లలో సాయం చేసే ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. ఇది నా మొదటి అప్లికేషన్ సీజన్. పన్నెండో తరగతి పిల్లలు ఇరవై ముగ్గురు నా దగ్గర ఉన్నారు. సెప్టెంబర్ మొదలైన దగ్గర్నుంచి రోజూ ఒకరి ఎస్సే, ఇంకొకరి కాలేజీల లిస్టు, మరొకరి కన్నీళ్లు. పడుకున్నా అక్టోబర్ 15, నవంబర్ 1 అని తేదీలే కళ్ల ముందు తిరుగుతున్నాయి.

డెడ్‌లైన్ల గురించి సలహాలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను అడిగేది వేరు. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాళ్లు ఈ కాలాన్ని ఇష్టంగా ఎలా గడుపుతున్నారు? మీకంటూ ఉన్న అలవాట్లు, ఇష్టాలు, అనుభవంలో తెలుసుకున్నవి ఉంటే చెప్పండి.

సాయంత్రపు_నడక:

పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నానండి. ఏడాది మొత్తంలో నాకు బాగా ఇష్టమైన కాలం ఇదే. మన భాషలో శరత్తు అనగానే వెన్నెల గుర్తొస్తుంది, ఆకులు రాలేది శిశిరంలో. నేను చెబుతున్నది మాత్రం సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, ఆకులు రంగు మారే ఈ మూడు నెలల గురించి.

అన్నిటికంటే ఇష్టమైనది సాయంత్రం. సెప్టెంబర్ 22 లేదా 23న పగలూ రాత్రీ దాదాపు సమానమవుతాయి, ఆ తర్వాత రోజురోజుకీ పొద్దు తొందరగా వాలిపోతుంది. ఆ వెలుతురు పోకముందే ఆ రోజు చివరి మీటింగ్‌ను గదిలోంచి బయటికి మారుస్తాను. విద్యార్థీ నేనూ అరగంట నడుస్తాం. బల్లకు అటూ ఇటూ కూర్చుంటే పిల్లలు ఇంటర్వ్యూలో ఉన్నట్టు బిగుసుకుపోతారు. పక్కపక్కన నడుస్తుంటే నా ముఖం చూడక్కర్లేదు కాబట్టి మాట దానంతటదే వస్తుంది.

నాలుగేళ్ల క్రితం ఒక అబ్బాయి నాయకత్వం గురించి ఎస్సే రాసి తెచ్చాడు. అమెరికా కాలేజీలకు అప్లై చేసే ఆన్‌లైన్ ఫారం, కామన్ యాప్, 650 పదాల వరకే ఒప్పుకుంటుంది. ఒక్క పదం కూడా వదలకుండా నింపేశాడు, కానీ అందులో అతను ఎక్కడా కనిపించలేదు. ఏం చెప్పాలో తోచక "పద, కాసేపు నడుద్దాం" అన్నాను. దారిలో ఒక మేపుల్ చెట్టు దగ్గర ఆగిపోయాడు. "మేడమ్, ఎండ తగిలే వైపు ఎర్రగా ఉంది, నీడ వైపు ఇంకా పసుపే. చూశారా?" అన్నాడు. ఆ దారిన ఎన్నిసార్లు వెళ్లానో, ఒక్కసారి కూడా నేను గమనించలేదు. ఆకులో క్లోరోఫిల్ విరిగిపోతుంటే, ముందునుంచీ అందులోనే ఉన్న కెరోటినాయిడ్ల పసుపు బయటపడుతుందట. ఎరుపు అలా కాదు. ఆంథోసయనిన్ అనే ఆ రంగును ఆకు ఆ రోజుల్లోనే కొత్తగా తయారుచేసుకుంటుంది, అందుకు చక్కెరా వెలుతురూ కావాలి. అందుకే ఎండ పడే కొమ్మలు ఎక్కువ ఎర్రబడతాయి. ఇదంతా నాకు అతనే చెప్పాడు. మూడేళ్లుగా ఆ ఒక్క చెట్టు రంగుల్ని తేదీలు వేసి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు!

"మరి ఇది ఎస్సేలో ఎందుకు రాయలేదు?" అని అడిగితే, "దీనికి అవార్డేమీ రాలేదు కదా మేడమ్" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వారం తర్వాత ఆ నోట్‌బుక్ గురించి 480 పదాల్లో రాసి తెచ్చాడు. నేను రెండు కామాలు తప్ప ఏమీ మార్చలేదు.

నేను తప్పు చేసిన ఏడాది కూడా చెప్పాలి. అప్పటికి ఈ పనిలో నాకు మూడో ఏడు. ఒక అమ్మాయి డ్రాఫ్ట్‌ను బాగు చేయాలనే ఆత్రంలో వాక్యం తర్వాత వాక్యం మార్చుకుంటూ పోయాను. చివర్లో తను పైకి చదివి, "బాగుంది మేడమ్, కానీ ఎవరిదో చదువుతున్నట్టుంది" అంది. గడువు రెండు రోజులే ఉంది, అదే పంపించింది. సీటు కూడా వచ్చింది. అయినా ఆ ఎస్సే తలుచుకుంటే తనకు చెందినదేదో నేను తీసుకున్నట్టే అనిపిస్తుంది. అప్పటినుంచీ మొదటి డ్రాఫ్ట్ చదివేటప్పుడు చేతిలో పెన్ను పట్టుకోను.

సుద్దముక్క:

నేను అడ్వైజర్ని కాదు, ఫిజిక్స్ టీచర్ని. రికమెండేషన్ లెటర్లు రాసే వైపు నుంచి ఒక మాట. నాకు ఈ కాలంలో ఇష్టమైనది, గడువుకు కనీసం నెల ముందు వచ్చి స్వయంగా అడిగే పిల్లలు. మార్కుల లిస్టు నాకు అక్కర్లేదు, అది అప్లికేషన్‌లో ఎలాగూ ఉంటుంది. నా క్లాసులో వాళ్లు ఎక్కడ తికమకపడ్డారో, దాన్ని ఎలా దాటారో ఒక పేజీ రాసిస్తే ఆ లెటర్ రాయడం నాకు సంతోషంగా ఉంటుంది. పోయిన ఏడాది ఒకమ్మాయి "లోలకం ప్రయోగంలో నా లెక్క మూడుసార్లు తప్పింది, నాలుగోసారి తప్పు నా కొలతలో ఉందని తెలిసింది" అని రాసింది. నేను మర్చిపోయిన సంగతి అది.

ఇంకొకటి. 1994 నుంచి అక్టోబర్ 5ను ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నారు. మా స్కూల్ అడ్వైజర్ ఆ రోజున పిల్లలందరితో, తమకు లెటర్ రాస్తున్న టీచర్‌కు నాలుగు వాక్యాల కృతజ్ఞత రాయిస్తారు. అడ్మిషన్ వచ్చాక కాదు, ఫలితం తెలియకముందే. అవన్నీ నేను దాచుకున్నాను.

కొత్త_బల్ల:

సాయంత్రపు_నడక గారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. పెన్ను పట్టుకోకపోతే మరి మొదటి డ్రాఫ్ట్‌తో ఏం చేస్తారు? నా చేయి ఊరుకోవడం లేదండి, తప్పు కనపడితే దిద్దేస్తున్నాను.

సాయంత్రపు_నడక:

పైకి చదవమంటానండి. కాగితం వాళ్ల దగ్గరే ఉంటుంది, నేను వింటాను. నచ్చని వాక్యం వచ్చినప్పుడు పిల్లలు గబగబా చదివేస్తారు. నిజంగా తమదైన చోట నెమ్మదిస్తారు. చదవడం అయ్యాక నెమ్మదించిన ఆ చోటికే వెళ్లి "అప్పుడు ఏమైంది?" అని అడుగుతాను. ఇంకో రెండుసార్లు అదే ప్రశ్న. వాళ్లు చెబుతుంటే అవే మాటలు ఒక కాగితం మీద రాసి, వెళ్లేటప్పుడు చేతికిస్తాను. ఆ కాగితంలో నా మాట ఒక్కటీ ఉండకూడదని నియమం పెట్టుకున్నాను.

యూకాస్ ద్వారా, అంటే బ్రిటన్ యూనివర్సిటీలకు, అప్లై చేసేవాళ్లకూ ఇదే పద్ధతి. 2026 ప్రవేశాల నుంచి అక్కడ పర్సనల్ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలుగా మారింది, మొత్తం కలిపి 4000 క్యారెక్టర్లు. ఒక్కో ప్రశ్నకు విడిగా కూర్చోండి, మూడూ ఒకే రోజు పెట్టుకోవద్దు. స్పెల్లింగులూ వ్యాకరణమూ దిద్దడానికి చివరి వారం ఉంది, అప్పుడు మీ పెన్ను తీయండి.

మీ ఇరవై ముగ్గురిలో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్లాడెవరో మీకు తెలిసే ఉంటుంది. రేపు సాయంత్రం అందరికంటే ముందుగా అతన్ని నడకకు తీసుకెళ్లండి.